ఒకే గడియకు పుట్టిన పెట్టెలు

కోదండరాంకు "ఏదో ఒకటి" అనే మాట వింటే ఒళ్ళు మండుతుంది. హోటల్లో కూర్చుని ఏం తింటావని అడిగితే భార్య శరణ్య "ఏదో ఒకటి" అంటుంది. ఇక ఆ పూట ఆయనకు ఇడ్లీ గొంతు దిగదు. ఏదో ఒకటి ఏమిటి? దేనికైనా ఒక లెక్క ఉండాలి, ఒక వేళ ఉండాలి. టమోటాలు ఒక్కొక్కటీ ఏరి కొంటాడు. నంబరు కూడితే ఎనిమిది రాని స్కూటరు దొరికేదాకా నెలల తరబడి బస్సుల్లో వేలాడాడు. రాహుకాలంలో క్షవరానికి కూడా బయల్దేరడు. తండ్రి పెరంబూరు రైలు పెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసి పోయాడు. నలభై అయిదేళ్ళు వచ్చినా కొడుకు మాత్రం తల్లి చెంగమ్మ పంచాంగం విప్పితే గాని గడప దాటడు.

అటువంటి మనిషికి భగవంతుడు ఎటువంటి ఉద్యోగం ఇచ్చాడో చూడండి. అంబత్తూరులో నాగప్పన్ అనే ఆయన ఒక చిన్న కంపెనీ నడుపుతున్నాడు. అపార్ట్‌మెంటు గేటు దగ్గర ఇంటి నంబరు నొక్కితే ఆ ఇంట్లో గంట మోగి, గేటు దగ్గరివాళ్ళతో మాట్లాడించే పెట్టెలు అక్కడ తయారవుతాయి. పెట్టెలో అన్నిటికన్నా అడుగున ఉండి పనిచేసే ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. పైన ఎన్ని సోకులున్నా ప్రాణం ఉండేది అక్కడే. ఆ కెర్నెల్లో పెట్టెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాగం కోదండరాంది.

మాట్లాడుకోవాలంటే ప్రతి పెట్టెకూ ఒక చిరునామా ఉండాలి. ఆరు జతల అంకెలు. పెద్ద కంపెనీలు ఆ చిరునామాలను కొనుక్కుని ఫ్యాక్టరీలోనే పెట్టెలో చెక్కి పంపుతాయి. నాగప్పన్ కొనడు. ఊరికే దొరికేదాన్ని కొనేవాడు వ్యాపారి కాడని ఆయన నమ్మకం. నిజానికి ఊరికే దొరుకుతుంది కూడా. చిరునామా లేకుండా కళ్ళు తెరిచిన పెట్టెకు కెర్నెలే ఒకటి కల్పించి ఇస్తుంది. అందుకు ఒక ఫంక్షన్ ఎప్పటినుంచో సిద్ధంగా ఉంది. పిలవడానికి ఒక్క లైను చాలు. అది గుప్పెడు అంకెలు ఎలా పడితే అలా తీసి, మొదటి జతలో రెండే రెండు దిద్దుబాట్లు చేస్తుంది. ఒక బిట్టును ఆర్పేస్తుంది, ఎందుకంటే అది వెలిగి ఉంటే ఆ చిరునామా ఒక్కరిది కాదు, గుంపుది. ఇంకో బిట్టును వెలిగిస్తుంది, ఇది కంపెనీ ఇచ్చిన పేరు కాదు, ఇంట్లో పెట్టుకున్న పేరు అని చెప్పడానికి. మిగిలినదంతా గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

ఆ గుడ్డెద్దే కోదండరాంకు నచ్చలేదు. ఇంట్లో పెట్టుకున్న పేరన్న మాట మాత్రం ఎంతో నచ్చింది. అయితే ఇంట్లో పేరు ఎట్లా పెడతారు? కళ్ళు మూసుకుని పెడతారా? బిడ్డ పుట్టిన గడియ చూసి, నక్షత్రం చూసి, పాదం చూసి పెడతారు. మనిషికి ఉన్న మర్యాద పెట్టెకు ఎందుకు ఉండకూడదు? ఆ ఒక్క లైను కొట్టేసి, దాని స్థానంలో బారెడు ప్రోగ్రాము రాశాడు. మొదటి జత సున్నా రెండు, అంటే ఇంటిపేరు లాంటిది. ఆ తర్వాత పెట్టెకు మొట్టమొదట కరెంటు తగిలిన సంవత్సరం, నెల, తేదీ, గంట, నిమిషం. ఆరు జతలూ కొలిచి కుట్టినట్టు సరిపోయాయి. ఒకసారి పెట్టిన పేరును పెట్టె దాచుకుంటుంది, కరెంటు పోయి వచ్చినా మారదు. ఇంత చక్కగా కుదిరిందంటే దైవసంకల్పం కాక ఇంకేమిటని పొంగిపోయాడు.

ఆయన కింద పనిచేసే విక్రమ్ రాజమండ్రి నుంచి వచ్చినవాడు. వాడు ఆ ప్రోగ్రాము చదివి తల గోక్కున్నాడు.

"సార్, కనీసం సెకన్లయినా పెడదామండి."

"పంచాంగంలో సెకన్లు ఉండాయా?"

"ఒకే నిమిషంలో రెండు పెట్టెలు పుడితేనండి?"

"ఇన్నాళ్ళూ ఎన్ని పెట్టెలు ఆన్ చేసినావు నువ్వు? ఒక్కసారైనా రెండింటికి ఒకే పేరు వొచ్చిందా?"

"లేదండి. టేబుల్ మీద ఒకటి సర్దేసరికే పది నిమిషాలు పడుతుంది కదండీ."

"అంతే మరి. సుమ్మా ఊరికే ఏందో ఒకటి అడగబాక."

పెద్దవాళ్ళతో వాదించే అలవాటు విక్రమ్‌కు లేదు. కానీ కొట్టేసిన ఆ ఒక్క లైనును తన లాప్‌టాప్‌లో ఒక పక్కన దాచి ఉంచాడు. తెలివైనవాడు.

ఆ కొత్తరకం పెట్టెలు మొట్టమొదట బిగించింది కోదండరాం ఉండే అపార్ట్‌మెంటులోనే. పెరంబూరులో ఫ్యాక్టరీ రిటైర్డ్ ఉద్యోగులు కలిసి కట్టుకున్న ఇరవైనాలుగు ఇళ్ళ బిల్డింగు అది. సంఘానికి కార్యదర్శి ఆయనే. కార్తీక శుక్రవారం, ఉదయం తొమ్మిదీ ఇరవై నాలుగుకు దివ్యమైన ముహూర్తం. అన్ని ఇళ్ళ పెట్టెలకూ మెట్ల కింద ఒకటే మెయిన్ స్విచ్. బిల్డింగులో అందరికన్నా పెద్దవాడు, మూడో అంతస్తు పరంధామయ్య చేత దాన్ని నొక్కించాలని నిర్ణయమైంది. ఇక్కడ చదువరులకు ఏదైనా అనుమానం వచ్చి ఉంటే మంచిదే. ఆ నిర్ణయం చేసిన నాడు కోదండరాంకు మాత్రం రాలేదు.

ఆయన బుర్రలో ఆ రోజు అంతకన్నా పెద్ద సంగతి తిరుగుతోంది. ఆ శుక్రవారమే పది గంటలకు ఆయన పిన్నమ్మ మంగతాయి వాళ్ళ ఇంటికి రాబోతోంది. పదిహేడేళ్ళ తర్వాత.

ఈ కథ కొంచెం చెప్పాలి. చెంగమ్మా మంగతాయీ అక్కచెల్లెళ్ళు. తండ్రి పేరు కోదండరాం. తాత పేరు మనవడికి పెట్టడం ఇంటి ఆచారం కాబట్టి అక్క తన కొడుక్కు కోదండరాం అని పెట్టింది. చెల్లెలు కూడా తన కొడుక్కు కోదండరాం అనే పెట్టింది. నాన్న నీకొక్కదానికే నాన్నా అని ఇద్దరి వాదనా ఒకటే. ఇద్దరూ పెరంబూరులోనే పక్క పక్క వీధుల్లో ఉండేవారు. ఇద్దరు పిల్లలూ ఇంజినీర్లే అయ్యారు. స్కూలు మార్కుల కాగితాలు తారుమారైతే నవ్వుకున్నారు. డాక్టరు ఒకడి జ్వరానికి ఇంకొకడికి సూది వేస్తే కూడా నవ్వుకున్నారు. చివరికి చిత్తూరు నుంచి పెళ్ళివారు మంగతాయి కొడుకు చిన్న కోదండరాంను చూడాలని బయల్దేరి, పేరు చెప్పి దారి అడిగి, పెద్ద కోదండరాం ఇంట్లో వచ్చి కూర్చున్నారు. చెంగమ్మ బజ్జీలు పెట్టింది, కాఫీ ఇచ్చింది. వాళ్ళకు పిల్లవాడు నచ్చాడు. పొరపాటు బయటపడేసరికి తాంబూలాలు కూడా అయిపోయాయి. "ఇంటికి వొచ్చినోళ్ళని పొమ్మంటామా?" అంది చెంగమ్మ. ఆ మాటతో మంగతాయి మైలాపూరుకు ఇల్లు మార్చేసి, మళ్ళీ పెరంబూరు మొహం చూడలేదు. ఆ పెళ్ళికూతురే శరణ్య. ఇంట్లో ఎప్పుడు మాటామాటా పెరిగినా "నేను అడ్రసు తప్పి వొచ్చినదాన్ని, నన్నేం అడగొద్దు" అంటుంది.

చిన్న కోదండరాంకు ఆలస్యంగా పెళ్ళయి, ఎన్నాళ్ళకో ఇప్పుడు కొడుకు పుట్టాడు. నామకరణానికి అక్కను బొట్టు పెట్టి పిలవడానికి తనే స్వయంగా వస్తున్నట్టు మంగతాయి ఎవరి చేతనో కబురు పెట్టింది. శుక్రవారం పది గంటలకు వస్తుంది, పదిన్నరకు రాహుకాలం మొదలయ్యేలోగా బొట్టు పెడుతుంది. కబురు విన్న నాటినుంచి చెంగమ్మకు ఇంట్లో కాలు నిలవలేదు. ఇదే ఆఖరు అవకాశమని ఆమెకు తెలుసు. చెల్లెలిది ఒకసారి తిరిగిపోతే మళ్ళీ వచ్చే కాలు కాదు.

శుక్రవారం వచ్చింది. తెల్లవారినుంచీ సన్నగా తుంపర. తొమ్మిదీ ఇరవై నాలుగుకు కొబ్బరికాయ కొట్టారు, పరంధామయ్య మెయిన్ స్విచ్ నొక్కాడు. ఇరవైనాలుగు ఇళ్ళలో ఇరవైనాలుగు పెట్టెలు ఒక్కసారిగా కళ్ళు తెరిచాయి. అందరూ చప్పట్లు కొట్టారు. కోదండరాంకు కళ్ళు చెమర్చాయి. ఇంతటి శుభలగ్నంలో పుట్టిన పెట్టెలు దేశంలో ఇంకెక్కడా ఉండవనుకున్నాడు. ఆ మాట నిజమే.

పరంధామయ్య మూడో అంతస్తుకు ఎక్కి తన పెట్టె ముందు కుర్చీ వేసుకున్నాడు. ఫ్యాక్టరీలో సమ్మెట చప్పుళ్ళ మధ్య ముప్పై ఏళ్ళు పనిచేసిన గొంతు. "హలో! హలో! ఒకటి, రెండు, మూడు!" అని పెట్టెతో మాట్లాడుతూనే ఉన్నాడు. మొదట వాటర్ క్యాన్ అబ్బాయి గేటు దగ్గర నాలుగో నంబరు నొక్కాడు. గంట పరంధామయ్య ఇంట్లో మోగింది. ఆయన సంతోషంగా మాట్లాడి, క్యాను తనకు అక్కర్లేదని చెప్పాడు. తర్వాత కొరియర్ మనిషి పదహారు నొక్కాడు. పరంధామయ్యే. ఇస్త్రీ అతను, గ్యాసు అతను, ఏడో నంబరు పిల్లకు సంగీతం చెప్పే మాస్టారు, అందరికీ పరంధామయ్యే. ఆయన సంతోషం మాస్టారి దగ్గరే అయిపోయింది.

మొదటి అంతస్తులో పదకొండో నంబరు ఇంట్లో చెంగమ్మ పట్టుచీర కట్టుకుని, పెట్టెకు ఎదురుగా పీట మీద కూర్చుని ఉంది. పది అయింది. పెట్టె మోగలేదు. పదీ అయిదు అయింది.

"మోగుతాదా అది?" అంది చెంగమ్మ.

"మోగుతాదిమ్మా. ఎట్టాంటి ముహూర్తానికి పుట్టింది!" అన్నాడు కోదండరాం.

అప్పుడు పైనుంచి, పెట్టె సాయం అక్కర్లేకుండానే, పరంధామయ్య కేక బిల్డింగంతా వినిపించింది. "కోదండం! నీ పెట్టె ఊళ్ళోవాళ్ళనంతా నా కాడికే పంపుతా ఉంది! ఇప్పుడు ఎవురో ఆడమనిషి, చెంగమ్మ ఉండాదా అంటా రెండుసార్లు కొట్టింది. ఈడ చెంగమ్మా లేదు గింగమ్మా లేదు పోమ్మా అని గట్టిగా చెప్పి పంపించినా!"

కోదండరాం లాప్‌టాప్ తెరిచి గేటు పెట్టెలోని చిరునామాలు చూశాడు. ఒకటో నంబరు 02:25:10:24:09:24. రెండో నంబరు 02:25:10:24:09:24. కిందిదాకా చూశాడు. ఇరవైనాలుగు ఇళ్ళకూ అదే. అందరూ ఒకే నిమిషంలో పుట్టిన బిడ్డలు, అందరికీ ఒకటే పేరు. మెట్ల కింద మెయిన్ స్విచ్ పక్కనే ఉండి, ఏ మాట ఏ పెట్టెకు పోవాలో చూసే నెట్‌వర్కు స్విచ్‌కు ఆ పేరుతో ఆఖరున ఎవరు మాట్లాడితే వాళ్ళే ఆ పేరుగలవాళ్ళు. నోరు మూయని పరంధామయ్య ఉండగా ఇంకొకరికి గంట ఎక్కడ మోగుతుంది? ముహూర్తం తనే పెట్టించాడు. ప్రోగ్రాము తనే రాశాడు. రెండింటిలో ఒక్కటి చేయకపోయినా ఈ అనర్థం జరిగేది కాదు. కోదండరాంకు తన నెత్తిన తనే మొట్టుకోవాలనిపించింది, మొట్టుకున్నాడు కూడా.

బాల్కనీలోంచి చెంగమ్మ గొంతు వినిపించింది. "ఒరే, ఆ గొడుగేసుకోని పోతా ఉండేది మా మంగ కాదా?"

కోదండరాం చెప్పులు లేకుండా పరుగెత్తాడు. పేపర్ మిల్స్ రోడ్డు మలుపులో బస్టాపు దగ్గర మంగతాయి ఆటోతో బేరమాడుతోంది. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో వెండి కుంకుమ భరిణె. మనిషి చిక్కిపోయింది. మొహం మాత్రం ఆవేళ పెళ్ళిచూపుల నాటి కోపంతోనే ఉంది.

"చిన్నమ్మా, ఉండు, ఉండు! పోవద్దు!"

"యాల రా పరిగెత్తుతా ఉండావు? మీ అమ్మ ఈడ లేదని చెప్పించింది మగమనిషి చేత. ఒకసారి కాదు, రెండుసార్లు. ఇంగ నాకేం పని ఈడ?"

"ఆ మగమనిషి మూడో అంతస్తు ముసలాయన! నువ్వు నొక్కింది మా నంబరే, మోగింది ఆయన ఇంట్లో."

"కథలు చెప్పబాకు. నొక్కింది ఒక ఇల్లయితే మోగేది ఇంగో ఇల్లా?"

కోదండరాం తుంపరలో నిలబడి, చేతులు కట్టుకుని, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "తప్పు నాది చిన్నమ్మా. ప్రతి పెట్టెకూ ఒక పేరు ఉండాల. నేను పుట్టిన గడియను బట్టి పెట్టినా. అన్నిట్నీ ఒకే ముహూర్తానికి ఆన్ చేసినాం. అన్నిటికీ ఒకటే పేరు వొచ్చేసింది. ఎవురి కోసం వొచ్చినోళ్ళయినా ఇంగొకళ్ళ ఇంటికి పోతా ఉండారు."

మంగతాయి అతని మొహంలోకి చూసింది. ఆటో డ్రైవర్ కూడా మీటరు సంగతి మరిచిపోయి చూస్తున్నాడు. ముందు ఆమె పెదవి ఒక పక్కకు వంగింది. తర్వాత గొడుగు ఊగడం మొదలుపెట్టింది. ఆమె నవ్వుతోంది.

"ఒకరి కోసం వొచ్చినోళ్ళు ఇంగొకరి ఇంటికి పోయినారా? ఒకే పేరు పెట్టినందుకా? ఒరే కోదండం, ఆ సంగతి నాకు నువ్వు చెప్పాల్నా రా? పదిహేడేళ్ళ నుంచి నేను మొత్తుకుంటా ఉండేది అదే కదా!"

ఈలోగా చెంగమ్మ వచ్చేసింది. పట్టుచీర కుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, నెత్తిన ఒక ప్లాస్టిక్ సంచీ కప్పుకుని, రొప్పుతూ. వెనకాల శరణ్య గొడుగు పట్టుకుని పరుగెడుతోంది గాని అత్తగారిని అందుకోలేకపోయింది. అక్కచెల్లెళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ఏడుపు వస్తుందేమోనని కోదండరాం భయపడ్డాడు. రాలేదు.

"గంట కొట్టి ఎవురో ఏందో అంటే తిరిగిపోతావా? పైకి వొచ్చి తలుపు తట్టరాదా?" అంది అక్క.

"పొమ్మన్న ఇంటికి నేను యాల వొస్తా?" అంది చెల్లెలు.

"అమ్మా, పదీ ఇరవై ఆరు!" అన్నాడు కోదండరాం. ఎంత దెబ్బ తిన్నా గడియారం చూడటం మానలేదు.

చెంగమ్మ ఉలిక్కిపడి మొహం ముందుకు చాపింది. "ఈడే పెట్టు. సీక్రం! రాహుకాలం వొస్తా ఉంది."

పేపర్ మిల్స్ రోడ్డు బస్టాపులో, ఆటో డ్రైవర్ గొడుగు పట్టుకోగా, మంగతాయి అక్కకు బొట్టు పెట్టి మనవడి నామకరణానికి రమ్మని పిలిచింది. బొట్టు తుంపరకు ముక్కుమీదికి జారింది. అది తుడవబోయిన చెల్లెలి చెయ్యి అక్క చెంప మీద ఆగిపోయింది. "చిక్కిపోయినావే" అని ఇద్దరూ ఒకేసారి అన్నారు. ఏడుపు అప్పుడు వచ్చింది. శరణ్యకు కూడా బొట్టు పెడుతూ మంగతాయి "నా కోడలు కావాల్సిందానివి" అంది. శరణ్య మొదటిసారి ఆ విషయంలో చురక ఏదీ వేయలేదు.

అందరూ ఇంటికి వచ్చి కూర్చునేసరికి, కోదండరాం ఫోను అందుకుని విక్రమ్ కూడా అంబత్తూరు నుంచి బైకు మీద తడుస్తూ దిగాడు. ఏం జరిగిందని అడగలేదు. దాచి ఉంచిన ఒక్క లైను తీసి చూపించాడు.

"ఇంటింటికీ వెళ్ళి ఇది ఎక్కించేద్దామండి. డెబ్బై లక్షల కోట్ల చిరునామాల్లోంచి ఒకటి తీస్తుంది. మన ఇరవైనాలుగు ఇళ్ళలో రెండింటికి ఒకటే రావడం ఈ జన్మకు జరగదండి."

బిల్డింగు వాళ్ళు మాత్రం అడ్డం తిరిగారు. రాహుకాలంలో పేరు పెట్టడమేమిటని నాలుగో నంబరు, పన్నెండు దాటేదాకా ఆగాల్సిందేనని పదహారో నంబరు. విక్రమ్ చేతులు జోడించి "పేరు పెట్టట్లేదండి, చీటీ తీస్తున్నాం. చీటీకి రాహుకాలం ఉండదు కదండీ" అన్నాడు. అది ఏ శాస్త్రంలో ఉందో ఎవరికీ తెలియదు. తెలియదని ఒప్పుకోవడం ఇష్టం లేక అందరూ తలుపులు తీశారు. కోదండరాం తను రాసిన బారెడు ప్రోగ్రామును తన చేత్తోనే చెరిపేశాడు.

ఇంటింటికీ ఒక్కొక్క చిరునామా వచ్చింది. ఒకదానికీ ఇంకొకదానికీ పొంతన లేదు. అన్నిటిలోనూ ఇంట్లో పెట్టుకున్న పేరన్న ఆ ఒక్క బిట్టు మాత్రం వెలుగుతోంది. చివరగా తన పదకొండో నంబరు పెట్టెది చూశాడు. అలవాటు చొప్పున కూడాడు. ఎనిమిది వచ్చింది. మళ్ళీ కూడాడు. ఎనిమిదే. మళ్ళీ చీటీ తీయడానికి వేలు మీట మీదికి పోయింది. వంటింట్లోంచి అక్కచెల్లెళ్ళ నవ్వు వినిపిస్తోంది. వేలు వెనక్కి తీసుకుని, లాప్‌టాప్ మూసేశాడు. ఈ సంగతి తల్లికి ఈనాటికీ చెప్పలేదు.

వంటింట్లో నామకరణం సంగతి నడుస్తోంది. "పేరు నువ్వే చూసి పెట్టాల అక్కా. ఈసారి రెండిళ్ళలో ఒకటే పేరు రాకూడదు" అంటోంది మంగతాయి. చెంగమ్మ పొంగిపోయి పంచాంగం అందుకుంది.

"బిడ్డ ఏ గడియకు పుట్టినాడే?"

"అమ్మా!" అని హాల్లోంచి కోదండరాం కేక పెట్టాడు. "గడియ మాత్రం అడగబాక!"

"అయితే నాయిన పేరే పెడదామా?"

"ఆ పేరుతో ఇప్పటికే ఇద్దరుండారు" అంది మంగతాయి. "వాళ్ళతోనే వేగలేక ఛస్తా ఉండాం."

ఆకులు వేసే సమయానికి మంగతాయి కనిపించలేదు. కుంకుమ భరిణె మాత్రం బల్లమీద ఉంది. చెంగమ్మ గాభరాగా ఇటూ అటూ చూస్తుండగా గోడమీది పెట్టె మోగింది. పదకొండో నంబరు ఇంట్లో, మొట్టమొదటిసారి. కోదండరాం లేవబోతే చెంగమ్మ చేత్తో ఆపి, తనే వెళ్ళి బొత్తాం నొక్కింది. కింద తుంపర చప్పుడు, దాని వెనక చెల్లెలి గొంతు.

"చెంగమ్మ ఉండాదా?"

చెంగమ్మ గొంతు సవరించుకుని, పరంధామయ్య లాగా గట్టిగా అంది.

"ఈడ చెంగమ్మా లేదు గింగమ్మా లేదు, పోమ్మా!"

కింద పగలబడి నవ్వు. చెంగమ్మ నవ్వుతూనే పెట్టెకు నుదురు ఆనించింది. ఆ పెట్టె మీద కొంచెం కుంకుమ అంటింది.

"పైకి రావే," అంది. "అన్నం చల్లారిపోతా ఉండాది."